నేను చూడని కొక్కెం

2019 నవంబరు 5, మంగళవారం. ఉదయం 10 గంటల 50 నిమిషాలు. హాలెట్ కౌంటీ షరీఫ్ కార్యాలయం, విస్కాన్సిన్.

నా పేరు సోల్వే ట్వెయిటెన్. వయస్సు ఇరవై ఒకటి. విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం మూడో సంవత్సరం చదువుతున్నాను. డిబేట్ జట్టుకు నాయకురాలిని. సెలవుల్లో మా మేనమామ ఆర్లెన్ స్కోగ్‌స్టాడ్ ఇంట్లో ఉంటాను. ఆయన వయస్సు యాభై నాలుగు. పాల ట్యాంకరు నడుపుతారు.

ఈ వాంగ్మూలాన్ని ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేతిరాతతో ఇస్తున్నాను. న్యాయవాది కావాలా అని డెప్యూటీ మార్లా ఫెన్‌స్కీ రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ వద్దన్నాను. శనివారం ఆసుపత్రి వరండాలో నేనిచ్చిన మొదటి వాంగ్మూలం ఇదే కార్యాలయంలో ఉంది. అందులో ఒక మాట అబద్ధం. ఆ మాటను ఆధారం చేసుకుని మీరు మా పక్క భూమి యజమాని డ్వేన్ క్వామ్‌ను ఆదివారం మధ్యాహ్నం నుంచి అదుపులో ఉంచారు. ఆయన మా మామయ్య తాడు కోయలేదు. ఎవరూ కోయలేదు. నాకు తెలుసు. ఎలా తెలుసో క్రమంగా రాస్తున్నాను.

మామయ్య, నేను విల్లుతో జింకల వేటకు వెళ్తాం. చెట్టు మీద మంచె కట్టం. జీను వాడతాం. జీను అంటే నడుముకూ తొడలకూ చుట్టుకునే గట్టి పట్టీ. దాని రెండు పక్కలనూ కలుపుతూ పొట్ట ముందు నుంచి ఒక తాడు ఉంటుంది. దాన్ని ముందు తాడు అంటాం. చెట్టు ఎక్కేటప్పుడు మాను చుట్టూ తిప్పుకున్న నడుము తాడు మనిషిని పట్టి ఉంచుతుంది. పైకి చేరాక, మానుకు బిగించిన చెట్టు తాడు చివరి కొక్కేన్ని ముందు తాడుకు తగిలించి, దానికి బరువు ఇచ్చి, ఆ తరువాతే నడుము తాడు విప్పాలి. అప్పటి నుంచి మనిషి ప్రాణం ఆ ఒక్క కొక్కెం మీదే ఉంటుంది.

నాకు పద్నాలుగో ఏట మామయ్య జీను కట్టడం నేర్పినప్పుడు రెండు మాటలు కూడా నేర్పారు. చెట్టు మీద ఉన్నవారు నడుము తాడు విప్పే ముందు "వేలాడుతున్నా" అనాలి. కింద ఉన్నవారు తల ఎత్తి చెట్టు తాడునూ, కొక్కేన్నీ, ముందు తాడునూ చూసి, "చూశాను" అనాలి. ఆ మాట వినిపించేదాకా పైవారు నడుము తాడు మీద చెయ్యి వెయ్యకూడదు. ఏడేళ్లలో మేము ఈ రెండు మాటలూ చెప్పుకోకుండా ఒక్కసారి కూడా చెట్టు మీద వేలాడలేదు. మంచు పడుతున్నా, మాటామాటా అనుకుని ముఖాలు తిప్పుకున్న రోజున కూడా.

ఇక ఛాతీ సంచి గురించి. మామయ్య పాతికేళ్లుగా వీపు సంచే వాడేవారు. చెట్టు మీద దాన్ని విప్పి, మానుకు తగిలించి, ఏది కావాలన్నా వెనక్కి తిరిగి వెతుక్కునేవారు. గత ఏడాది అలా తిరగబోయి, నిలబడడానికి మానుకు బిగించుకునే చిన్న పలక మీద కాలు జారింది. అందుకే ఈ సెప్టెంబరులో నేను ఛాతీ సంచి కొని తెచ్చాను. దూరం కొలిచే యంత్రం, జింక కూత గొట్టం, విల్లును పైకి లాక్కునే తాడు, చేతి తొడుగులు, అన్నీ రొమ్ము మీదే ఉంటాయి. తిరగనక్కర్లేదు. విప్పనక్కర్లేదు. చప్పుడు ఉండదు. వంటింటి బల్ల దగ్గర మా ఇద్దరికీ వాదన జరిగింది.

"ఉన్న బొజ్జ చాలదా, దాని మీద ఇంకో బొజ్జెందుకే?" అన్నారు మామయ్య.

"ఆ బొజ్జలో సాసేజీలే ఉన్నాయి మామయ్యా. ఈ బొజ్జలో పనికొచ్చేవి పెట్టుకోవచ్చు."

"ఇది కట్టుకుంటే నా బొడ్డు నాక్కనపడదు."

"ఇరవై ఏళ్లుగా కనపడ్డం లేదుగా. ఇప్పుడు కొత్తగా పోయేదేముంది?"

ఆయన బల్ల చరిచి నవ్వారు. "నీతో కుదరదు ప్లీడరమ్మా. నువ్వే గెలిచావ్. ఇటివ్వు," అన్నారు.

ఆయన చెప్పినదే అసలు అభ్యంతరం. సంచి కట్టుకుంటే నడుము దగ్గర ఏముందో కనిపించదు. ముందు తాడు ఉండేది అక్కడే. ఆయన దాన్ని హాస్యంగా చెప్పారు. నేను హాస్యంతోనే కొట్టిపారేశాను. ఎదుటివారి అత్యంత బలమైన వాదనను ముందుగా పట్టుకుని జవాబు చెప్పాలని నేను మొదటి సంవత్సరం పిల్లలకు ప్రతి ఆగస్టులోనూ పాఠం చెబుతాను.

అక్టోబరు 26న మామయ్య జీనుకు ముందు తాడు మార్చారు. కొత్తదీ పాతదీ ఒకే చుట్టలోవి. ఒకే ఆకుపచ్చ, ఒకే లావు. పాత తాడులోంచి నేను జానెడు ముక్కను కత్తితో కోసి, మడిచి, ఛాతీ సంచి అడుగు అంచుకు వలయంలా కుట్టాను. విల్లు లాక్కునే తాడును దానికి తగిలించుకోవచ్చని. మందపాటి దారంతో ఎనిమిది కుట్లు వేశాను. మామయ్య వేలు దూర్చి లాగి చూశారు. "దర్జీ పని కూడా వచ్చన్నమాట నీకు!" అన్నారు. అది బరువు మొయ్యడానికి కాదని నేను చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అనిపించలేదు.

సంచి కట్టుకుంటే ఆ వలయం సరిగ్గా ముందు తాడుకు రెండంగుళాల పైన ఉంటుంది. ఇది నేను సోమవారం పొద్దున కొలిచి తెలుసుకున్నాను. మీరు కూడా కొలవండి. సంచి ఈ కాగితాల పక్కనే పెట్టాను.

నవంబరు 2, శనివారం. మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి మామయ్య ట్రక్కులో బయలుదేరాం. చలి ఎక్కువగా ఉంది. గాలి వాయవ్యం నుంచి. ట్రక్కు దిగే ముందు చేతులు వెచ్చబెట్టుకునే పొట్లం ఒకటి నలిపి, ఆయన ఛాతీ సంచి పై అరలో నేనే పెట్టాను. మామయ్య ఆపిలు తింటున్నారు. కాఫీ వాసనకు జింకలు రావని వేట రోజుల్లో ఆయన ఆపిలే తింటారు. సగం తిని, మిగతా సగం "తిరిగొచ్చాక" అని ట్రక్కు లోపల అద్దం కింది పలక మీద పెట్టారు.

రెండు గంటల ఇరవైకి క్వామ్ కంచెకు అరవై అడుగుల దూరంలో ఉన్న ఓక్ చెట్టు దగ్గరకు చేరాం. నా చెట్టు అక్కడికి రెండువందల గజాలు. మామయ్య వేలాడేదాకా నేను కింద ఉండాలి. ఆయన నాలుగు మెట్లు బిగించుకుంటూ ఎక్కారు. పద్దెనిమిది అడుగుల ఎత్తున పలక బిగించి నిలబడ్డారు. చెట్టు తాడు కట్టారు. ఇంతవరకూ నేను చూశాను.

రెండు గంటల నలభై ఆరుకు నా ఫోను అదిరింది. మా జట్టులోని పిల్ల, గురువారం పోటీలో మనం ఏ వైపు తీసుకుందామని అడిగింది. నేను కుడి చేతి తొడుగు పళ్లతో లాగి, జవాబు రాయడం మొదలుపెట్టాను.

పైనుంచి "వేలాడుతున్నా" అని వినిపించింది.

నేను తల ఎత్తలేదు. ఫోను చూస్తూ, "చూశాను" అన్నాను.

నేను రాసిన జవాబు ఇది: "వ్యతిరేకం. ఏ వైపైనా మనమే గెలుస్తాం." అది వెళ్లిన సమయం రెండు గంటల నలభై ఏడు. ఫోను కూడా ఇస్తున్నాను. తాళం సంఖ్య విడిగా రాసి ఇచ్చాను.

ఆ తరువాత కొక్కెం విప్పిన చప్పుడు వినిపించింది. అది నడుము తాడు కొక్కెం. ఆపైన గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడు. ఎనిమిది కుట్లూ వరుసగా తెగితే అలాంటి చప్పుడే వస్తుంది. సోమవారం నేను ఒక పాత సంచికి ఎనిమిది కుట్లు వేసి, తెంపి విన్నాను. అదే చప్పుడు. మామయ్య అరవలేదు. "అరె" అన్నారు, పాలు పొంగినప్పుడు అన్నట్టుగా. అంతే. పద్దెనిమిది అడుగులు.

ఆయన వెల్లకిలా పడ్డారు. కళ్లు తెరిచే ఉన్నాయి. చెట్టు తాడు పైన ఖాళీగా ఊగుతోంది. కొక్కెం మూసే ఉంది. మూసి ఉన్న కొక్కెం ఎందుకు ఖాళీగా ఉందని ఆలోచించినట్టు గుర్తుంది. దాని చలనం పూర్తిగా ఆగేదాకా చూశాను. అంతసేపు ఎందుకు చూశానో ఇప్పటికీ చెప్పలేను. చూడవలసిన నిమిషం దాటిపోయాక చూశాను. ఆ తరువాత అరిచాను.

కంచె అవతల క్వామ్ కట్టెలు కోస్తున్నారు. నా అరుపు విని రంపం ఆపి, కంచె దూకి వచ్చారు. ఆయనకు అరవై రెండేళ్లు. రెండు మోకాళ్లకూ నొప్పులు. వచ్చీరాగానే ఆకుల్లో కూలబడి, మామయ్య తలను తన మోకాళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులతో రెండు చెవుల దగ్గరా పట్టుకున్నారు.

"ఫోన్ చెయ్యమ్మాయ్. నన్ను కాదు చూడాల్సింది, ఫోన్ చెయ్యి," అన్నారు.

రెండు గంటల యాభై ఒకటికి ఫోను చేశాను. అంబులెన్సు మూడు గంటల ఇరవై ఎనిమిదికి వచ్చింది. ఆ ముప్పై ఏడు నిమిషాలూ క్వామ్ చేతులు కదపలేదు. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. మామయ్య లేవబోయారు.

"ఒరేయ్ ఆర్లెన్, కదిలావంటే చంపేస్తా," అన్నారు క్వామ్. "కంచె దాటొద్దని నీకు చెప్పి నేనే దాటొచ్చాను. ఆ పరువైనా దక్కనివ్వు నాకు. పడుకో. ఆ మబ్బు చూడు. అచ్చం మీ బావమరిది ముక్కులా లేదూ? దాన్నే చూస్తుండు."

మామయ్య నవ్వబోయి, స్పృహ తప్పారు.

అంబులెన్సు సిబ్బంది ఆయన కోటునూ జీనునూ ముందు తాడునూ కత్తెరతో కోసి తీశారు. ఏ తాడు ఎక్కడ కోశారో వారికి గుర్తులేదు. గుర్తుండాలని నేను అనడం లేదు. రాలిన ఆకుల మీద జానెడు ఆకుపచ్చ తాడు ముక్క మీకు దొరికింది. దాని చివరలు కత్తితో నున్నగా కోసి ఉన్నాయి. ఎవరో ముందుగానే తాడు కోశారని మీరు అనుకోవడానికి అది ఒక కారణం. సెప్టెంబరులో పెట్రోలు బంకు దగ్గర పదిమందిలో క్వామ్ మామయ్యతో, "ఇంకోసారి గాయపడ్డ జింక వెనకాల అడక్కుండా నా భూమిలోకొచ్చావంటే చెట్టు మీంచే దింపుతా నిన్ను," అనడం రెండో కారణం. శనివారం ఉదయం ఆయన మా షెడ్డుకు వచ్చి, అరువు తీసుకున్న గొడ్డలి పెట్టి వెళ్లడం మూడోది. జీను రాత్రంతా ఆ షెడ్డులోనే వేలాడుతూ ఉంది.

ఈ మూడూ కలిపినా ఒక మనిషిని అదుపులోకి తీసుకోవడానికి సరిపోవు. నాలుగో కారణం నేను.

శనివారం సాయంత్రం ఐదు పదికి ఆసుపత్రి వరండాలో డెప్యూటీ ఫెన్‌స్కీ నన్ను అడిగారు: "మీ మామయ్య కొక్కేన్ని సరిగ్గా తగిలించుకున్నారా?"

"ఆఁ."

"మీరు కళ్లారా చూశారా?"

"చూశాను."

అది రెండోసారి. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నేను అజాగ్రత్తగా ఉన్నాను. రెండోసారి అన్నప్పుడు అజాగ్రత్తగా లేను. సరిగ్గా తగిలించిన కొక్కెం ఊడదు. కనుక తాడే తెగి ఉండాలి. తాడు దానంతట అది తెగదు. కనుక ఎవరో కోసి ఉండాలి. నేను చెప్పినది నిజమైతే మీ తర్కంలో దోషం లేదు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి డెప్యూటీ ఫోను చేసి, సంఘటన స్థలంలో క్వామ్ ఏమన్నారని అడిగారు. "చంపేస్తా అన్నాడు," అని చెప్పాను. ఆయన ఆ మాట అన్న సంగతి నిజం. దానికి ముందు "కదిలావంటే" అన్నారు. దాని తరువాత మబ్బును చూపించారు. ముందుదీ వెనకదీ కోసేసి, మధ్య ముక్కను మీ చేతిలో పెట్టాను. ఎదుటివారి వాక్యాన్ని అలా కోసి వాడితే పోటీలో నేను లేచి నిలబడి అభ్యంతరం చెబుతాను. ఆ మధ్యాహ్నమే మీరు ఆయనను తీసుకెళ్లారు.

ఆ సాయంత్రం ఆసుపత్రివారు మామయ్య వస్తువులను ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చారు. ఒక బూటు, తాళాలు, ఛాతీ సంచి. ఆ ఛాతీ సంచిని శనివారం సాయంత్రం ఆరుంబావుకు ఆయన మంచం పక్కన ఒకసారి తాకాను. అప్పటికి పై అరలోని పొట్లం ఇంకా వెచ్చగా ఉంది. ఆయన చెయ్యి మాత్రం చల్లగా ఉంది. ఆదివారం తీసి చూస్తే పొట్లం గడ్డకట్టి రాయిలా ఉంది. అప్పుడు సంచిని తిరగేశాను. అడుగున వలయం లేదు. పదహారు సూది రంధ్రాలు ఉన్నాయి. ఎనిమిది తెగిన దారాలు ఉన్నాయి. మందపాటి దారం. నా కుట్టు.

మామయ్య తొడుగులు వేసుకున్న చేతిని సంచి కిందకు పోనిచ్చి, చేతికి తగిలిన తాడుకు కొక్కెం వేశారు. అది అదే తాడు. అదే లావు. బరువు ఇచ్చి చూసినప్పుడు నడుము తాడు కూడా ఆయనను పట్టుకునే ఉంది, కనుక వలయం ఆగింది. నడుము తాడు విప్పగానే కుట్లు తెగి, వలయం విడిపోయి, మూసి ఉన్న కొక్కెంలోంచి జారి పడింది; ఆకుల మీద మీకు దొరికిన ముక్క అదే. ఆయనకు సంచి అడ్డం వచ్చి కనిపించలేదు. కింద నుంచి చూసేవారికి కనిపించేది. కనిపించేదని ఎలా చెబుతున్నానంటే, సోమవారం నేను పాత సంచికి అలాంటి వలయమే కుట్టి, కట్టుకుని, ఆ చెట్టే ఎక్కి, నడుము తాడు విప్పకుండా అదే తప్పు చేసి, కింద రాతి మీద నిలబెట్టిన కెమెరాతో ఫొటో తీసుకున్నాను. కొక్కెం తప్పు చోట ఉన్నట్టు స్పష్టంగా తెలుస్తోంది. ఫొటో జతపరిచాను.

ఆదివారం సాయంత్రానికే నాకు అంతా తెలుసు. అయినా సోమవారం రోజంతా నేను రాలేదు. నన్ను ఎవరూ ఆ సంచి గురించి అడగలేదని అనుకున్నాను. నిరూపించవలసిన భారం మీదని అనుకున్నాను. క్వామ్ నిర్దోషి అయితే రెండు రోజుల్లో మీరే వదిలేస్తారని అనుకున్నాను. ఇవి మూడూ మంచి వాదనలు. ఒక్కొక్కదానికీ న్యాయనిర్ణేతలు నాకు మార్కులు వేసేవారు. నేను వాటిని పడక మీద కూర్చుని ఒకదాని తరువాత ఒకటి గోడకు చెప్పాను. అన్నింటిలోనూ గెలిచాను.

ఈ ఉదయం ఎనిమిదిన్నరకు మామయ్యకు ఊపిరి గొట్టం తీశారు. తొమ్మిది ఇరవైకి నన్ను లోపలికి పంపారు. నడుము కింద ఆయనకు ఏమీ తెలియడం లేదు. ముందు ముందు తెలుస్తుందో లేదో వైద్యులు చెప్పడం లేదు. గొంతు బొంగురుపోయింది.

"నాకేం గుర్తు లేదే. ఆపిల్ తిన్నది గుర్తుంది. నీ గొంతు గుర్తుంది."

"నా గొంతా?"

"చూశాను అన్నావుగా. అది బాగా గుర్తుంది. ఆ తర్వాత ఏం లేదు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "అందుకే, తాడు ఎవడో కోసుంటాడంటే నమ్ముతున్నా. లేకపోతే ఎందుకు నమ్ముతాను? డ్వేన్ నోరే చెడ్డది, మనిషి చెడ్డోడు కాడు. కానీ నువ్వు చూశాక ఇంకా తప్పెలా జరుగుద్ది?"

ఇలా అన్నారు. నవ్వుతూ అన్నారు. ఆయనకు ఆ మధ్యాహ్నం మొత్తంలో మిగిలింది నా మాట ఒక్కటే. ముప్పై ఏళ్లుగా ఎరిగిన పక్కింటి మనిషిని దాని కోసం వదులుకోవడానికి సిద్ధపడ్డారు.

"మామయ్యా, నేను చూడలేదు," అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశారు. "ఏంటి చూడలేదు?"

"కొక్కెం. ఫోన్ చూస్తున్నాను. నువ్వు నేను కుట్టిన వలయానికి తగిలించుకున్నావ్. నేను చూడకుండానే చూశాను అన్నాను."

ఆయన కళ్లు పైకప్పు వైపు తిప్పారు. తిడతారని ఎదురుచూశాను.

"మరి డ్వేన్ ఎక్కడున్నాడు?"

"షరీఫ్ ఆఫీసులో. ఆదివారం నుంచి."

"వాడికి మోకాళ్ల నొప్పులే. అక్కడ బెంచీలు గట్టిగా ఉంటాయి." తరువాత తల నా వైపు తిప్పారు. ఇప్పుడు తిప్పగలిగేది అదొక్కటే. "ఇంకా ఇక్కడెందుకు కూర్చున్నావ్ మరి?"

పది ముప్పై ఐదుకు ఇక్కడికి చేరాను. ట్రక్కులోనే వచ్చాను. అద్దం కింది పలక మీద సగం ఆపిలు ఇంకా ఉంది. నల్లబడింది. తీయలేదు.

మామయ్య పడడానికి కారణం నేను కుట్టిన వలయం. ఆపగలిగి ఆపని మనిషిని నేను. డ్వేన్ క్వామ్ చేసినది ముప్పై ఏడు నిమిషాలు ఆయన తలను కదలకుండా పట్టుకోవడం. ఈ కాగితం తడి ఆరకముందే ఆయనను వదిలిపెట్టమని కోరుతున్నాను. నా మీద ఏ చర్య తీసుకున్నా అభ్యంతరం చెప్పను.

రాసినదంతా చదివి వినిపిస్తానని డెప్యూటీ ఫెన్‌స్కీ అన్నారు. నేనే చదువుకుంటానని చెప్పాను. ప్రతి పంక్తి కింద వేలు పెట్టి చదివాను. రెండుచోట్ల సమయం తప్పుపడితే కొట్టివేసి, దిద్ది, పక్కన పొడి అక్షరాలు వేశాను. ఇందులో నేను కళ్లతో చూసినవి చూశానని రాశాను. చెవులతో విన్నవి విన్నానని రాశాను. ఆ కొక్కేన్ని తగిలించడం మాత్రం చూడలేదని రాశాను. ఇది నిజం.

చూశాను.

(సంతకం) సోల్వే ట్వెయిటెన్
మధ్యాహ్నం 12 గంటల 14 నిమిషాలు

నా ఎదుట రాసి సంతకం చేశారు. సంతకం చేస్తుండగా నేను చూశాను.
(సంతకం) మార్లా ఫెన్‌స్కీ, డెప్యూటీ